ఎదురు కుర్చీ

"దాంట్లో నీ పేరెందుకే?" అన్నాడు ముస్తాక్, చపాతీ తుంచి కూరలో అద్దుకుంటూ. ఉప్పు తక్కువైందనో, ఏసీ బాగుచేసే మనిషి ఇంకా రాలేదనో అన్నంత మామూలుగా అన్నాడు.

నిలోఫర్ పెనం మీది చపాతీ తిప్పింది. తనేమీ కొండమీద కోతిని తెమ్మని అడగలేదు. డయాలిసిస్ రోగుల మీద అతను రాసిన పరిశోధనా పత్రంలో, రచయితల వరసలో, అతని పేరు పక్కన తన పేరు కూడా ఉండాలంది. 'అతను రాసిన' అనడం కూడా అలవాటు కొద్దీ నోటికి వచ్చే మాటే. రోగుల రక్తపరీక్షల అంకెలు ఆసుపత్రి నుంచి అతను తెచ్చాడు, నిజం. వాటితో ఏం చేయాలో తోచక డైనింగ్ టేబుల్ మీద పడేస్తే, కూతురు సైరాను స్కూలుకు పంపి, వంట ముగించి, క్లాసు చెప్పి, మిగిలిన పొద్దులో వాటికి లెక్క కట్టిందీ, సమీకరణం రాసిందీ, గ్రాఫులు గీసిందీ ఆమె. ఇంగ్లీషు దిద్దింది కూడా ఆమే. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, ఆ ఇంట్లో అది సామెత కాదు, దినచర్య.

"పేరు పెడితే ఏమైతాది?" అంది.

"ఏమైతాదా? పెళ్లాం పేరు ఎక్కించినాడని నవ్వుతారు. ఇంట్లో కూచోని చేసిన లెక్కలనుకుంటారు."

"ఇంట్లో కూచోనే గదా చేసింది."

"నేను చెప్పేదీ అదే. ఖలాస్, ఇంక ఆ మాట వద్దు."

రాయచోటి నుంచి విజిట్ వీసా మీద వచ్చి రెండో చపాతీ దగ్గరున్న అత్త రజియా బీ, తగువు తీర్చే పెద్దమనిషిలా కల్పించుకుంది. "మొగుని పేరు నిలబడితే నీ పేరు నిలబడినట్టే గదమ్మా. మీ ఇద్దరివీ వేరే వేరే పేర్లా?"

అట్లయితే నా పేరొక్కటే పెట్టి ఆయనది తీసేసినా ఫరవాలేదు గదా అమ్మీ, అనుకుంది నిలోఫర్. అనుకుంది, అంతే. ఇలాంటి మంచి జవాబులన్నీ ఆమెకు సమయానికే తడతాయి. నోటి దాకా వచ్చి, చపాతీ మాడుతుందన్న సాకు దొరకగానే వెనక్కి పోతాయి.

కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. పెళ్లై కువైట్ వచ్చినప్పుడు ఆమె నివాస అనుమతి పత్రం ఇఖామా మీద ఉద్యోగం చేయకూడదని ఉంది. చేయకూడదన్నది ప్రభుత్వమే అయినా, ఆ మాటను ప్రభుత్వం కంటే ఎక్కువసార్లు వినిపించింది ముస్తాక్. చివరికి తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ, ఉద్యోగాలు చేసుకునే వాళ్ల కోసం ఆన్‌లైన్ ఎంటెక్ మొదలుపెడితే, పాత గైడు చెప్పిన మాట సాయంతో అందులో పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడ వాళ్లకు సాయంత్రం, ఇక్కడ ఇంకా ఎండ దిగని వేళ. హవల్లీలో మూడో అంతస్తు ఫ్లాటు, వంటింటి గోడ వెనక, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. క్లాసు మొదలయ్యే ముందు కుక్కరు దించేయాలి, లేకపోతే పాఠం మధ్యలో కూస్తుంది. అత్త నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చేసుకుని, తుడుచుకునే తువ్వాలు భుజాన వేసుకుని కెమెరా ముందు నుంచి రాజమార్గంలో నడిచినట్టు నడుస్తుంది. "మీ కోడలు ఏం చేస్తాది?" అని శుక్రవారం ఇంటికొచ్చిన వాళ్ల ఊరి ఆడవాళ్లు అడిగితే, "ఏముందమ్మా, పొద్దుపోక పిల్లోళ్లకు కంప్యూటర్లో పాఠాలు చెప్తాంటాది" అంటుంది. ఆ పిల్లోళ్లలో రిఫైనరీ షిఫ్టు ఇంజినీర్లు ఉన్నారు. ముస్తాక్ కంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంతా ఆమెను మేడం అంటారు. రోజు మొత్తంలో ఆమెను ఎవరైనా ఒక మాట చెప్పమని అడిగి, చెప్పేదాకా ఆగేది ఆ కాసేపే.

అసలు ఆ పత్రంలో ప్రాణం లాంటి ముక్క ఎక్కడ పుట్టిందో ఆమెకు బాగా గుర్తుంది. డయాలిసిస్ యంత్రంలో సన్నని పొరకు ఒకవైపు రక్తం పారుతుంది, రెండో వైపు శుద్ధి చేసే ద్రవం ఎదురు దిశలో పారుతుంది. రక్తంలో పేరుకున్న చెత్త ఆ పొర దాటి ద్రవంలోకి పోతుంది. ముస్తాక్‌కు అది వైద్యం. ఆమెకు అది ఏటా చెప్పే పాఠం. అతను తెచ్చిన అంకెలన్నీ ఆమె సమీకరణానికి బుద్ధిగా ఒదిగాయి, ఒక్క రంజాన్ నెలవి తప్ప. ఆ నెలలో యంత్రం పొటాషియంను సరిగా తీయడం లేదని అంకెలు చెబుతున్నాయి. "మెషిన్లు పాడైనాయేమో. ఆ నెల తీసిపారేయ్, గ్రాఫ్ అందం చెడిపోతాంది" అన్నాడు ముస్తాక్. తీసేయబుద్ధి కాలేదు. ఒకనాడు సింకులో గిన్నెలు తోముతుంటే నీళ్లు దిగడం లేదు. గొట్టంలో ఏదో అడ్డుపడిందని పుల్ల పెట్టి పొడిచింది. అడ్డు ఏమీ లేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. పైన కుళాయి తను కట్టలేదు, అంతే. చేతికి సబ్బు అలాగే ఉండగా ఆమెకు వెలిగింది. రంజాన్‌లో ఆ ఆసుపత్రి వాళ్లు డయాలిసిస్‌ను ఇఫ్తార్ కాగానే మొదలుపెడుతున్నారు. రోగి అప్పుడే ఖర్జూరాలు తిని, ఆప్రికాట్ రసం తాగి వచ్చి పడుకుంటాడు. యంత్రం రక్తంలోంచి పొటాషియం తోడేస్తూనే ఉంది, కడుపులోంచి కొత్తది వచ్చి కలుస్తూనే ఉంది. యంత్రం తప్పు లేదు. లెక్కలో కుళాయిని మరిచిపోయారు. సమీకరణానికి ఆ ఒక్క పదం చేర్చగానే, మొండికేసిన నెల మొత్తం దారికొచ్చింది. అంటే ఆ వేళకాని వేళలో ఎవరిని ఎంతసేపు యంత్రం మీద ఉంచాలో ముందే చెప్పవచ్చు. ఆమె పరుగున వచ్చి చెబితే, ముస్తాక్ ఫోన్లోంచి తల ఎత్తకుండా "సరే, అది పెట్టు" అన్నాడు.

ఆ ఒక్క పదం నచ్చే అంతర్జాతీయ సదస్సు వాళ్లు పత్రాన్ని ఎన్నుకున్నారు. శనివారం ఆన్‌లైన్‌లో సభ. ముస్తాక్‌కు కన్సల్టెంట్‌గా ప్రమోషన్ రావాలంటే ఇలాంటిదొకటి కావాలి. తనకంటే చిన్నవాళ్లు పైకెక్కిపోతున్నారని అతను ఏడాదిగా సరిగా నిద్రపోవడం లేదు. చెడ్డవాడని కాదు. రోగి చేయి పట్టుకుంటే ప్రాణం పెట్టి చూస్తాడు. ఇంట్లో చేయి పట్టుకుని చూడాల్సినంత జబ్బు ఎవరికీ లేదని అతని నమ్మకం.

చిక్కంతా ప్రశ్నల దగ్గర. ఉపన్యాసం బట్టీ పట్టగలడు గానీ, ఎవరైనా సమీకరణం గురించి అడిగితే ఏం చెప్తాడు? దానికీ ఉపాయం అతనే కనిపెట్టాడు. "నువ్వు టేబుల్‌కు ఎదురుగా కూచో. కెమెరాలో పడవు. నీ ల్యాప్‌టాప్‌లో నువ్వు టైప్ చేస్తాంటే నా స్క్రీన్ మీద పక్కన కనపడేటట్టు పెడదాం. నేను చూస్తా చెప్పేస్తా. న్యూస్ చదివేవాళ్లు చదవరా, అట్ల."

గురువారం ఒకసారి సాధన కూడా చేశారు. అతని గొంతు నిజంగా బాగుంటుంది. ఆమె ఇంగ్లీషులో టైప్ చేయడం, అతను కళ్లతో అందుకుని అప్పటికప్పుడు తన బుర్రలో పుట్టినట్టు చెప్పడం. మధ్యలో వంటింట్లోంచి చుయ్ మని శబ్దం వచ్చింది. ఆమె కంగారులో 'ఒక్క నిమిషం, పాలు పొంగుతున్నాయి' అని కొట్టేసి లేచింది. ముస్తాక్ గంభీరంగా, సభను కలియజూస్తున్నట్టు, "ఒక్క నిమిషం, పాలు పొంగుతున్నాయి" అని ఇంగ్లీషులో చదివేశాడు. రజియా బీ పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. ముస్తాక్ కూడా నవ్వాడు. నిలోఫర్ పాలు దించుతూ నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఏం రాస్తే అది చదువుతాడు. ఏం చదువుతున్నాడో అతనికి తెలియదు.

శనివారం క్లాసు సరిగ్గా ఆ వేళకే ఉంది. "రద్దు చెయ్. ఒక్కరోజు చెప్పకపోతే వాళ్లేం ఇంజినీర్లు కాకుండా పోరు" అన్నాడతను. ఆమె ఆ సాయంత్రమే క్లాసు చివర, శనివారం పాఠం ఉండదని చెప్పింది. అందరూ వెళ్లిపోయినా ఒక పేరు మాత్రం తెర మీద నిలిచిపోయింది. కళావతి. ప్రొద్దుటూరు అమ్మాయి, మందుల ఫ్యాక్టరీలో పని చేస్తూ చదువుకుంటోంది.

"మేడం, శనివారం మీరు గూడా ఆ డయాలిసిస్ మీటింగ్ చూస్తాండారా?" అంది.

"నీకెట్ల తెలుసు?"

"మా ఫ్యాక్టరీ గ్రూపులో పోస్టర్ వచ్చింది మేడం. ఎవరైనా చూడొచ్చంట. దాంట్లో బొమ్మ ఉండాది సూడండి, సింకు, కుళాయి, కింద గొట్టం... అది మీరు మాకు గీసిందే గదా. పోయిన నెల క్లాసులో. కానీ కింద ఎవరో డాక్టర్ ముస్తాక్ అని ఉంది."

"మా ఇంటాయన" అంది నిలోఫర్.

"ఓ!" అమ్మాయి నిజంగానే సంతోషపడింది. "సార్ గూడా కెమికలేనా మేడం?"

"కాదు. డాక్టరు."

"సరే మేడం" అంది కళావతి, పెద్దవాళ్ల గదిలోకి పొరపాటున తలుపు తోసి వచ్చినదానిలా, నెమ్మదిగా. తెర మీద ఆమె పేరు మాయమైంది.

నిలోఫర్ అక్కడే కూర్చుండిపోయింది. సిగ్గేసింది. ఎవరి తప్పుకు ఎవరు సిగ్గుపడుతున్నారో తెలిసి మరీ సిగ్గేసింది. మొగుడు నవ్వితే ఓర్చుకోవచ్చు, అత్త సామెతలు ఓర్చుకోవచ్చు. ఆ పిల్ల రేపు ఫ్యాక్టరీలో తను కట్టిన లెక్కను ఇంకొకడు తనదని చెప్పుకుంటే, మా మేడం కూడా ఊరుకుంది గదా అనుకుంటుంది. ఆ ఆలోచన పుండు మీద కారంలా మండింది.

శుక్రవారం మరోసారి అడిగింది. ముస్తాక్ విసుక్కోలేదు, మెత్తగానే మాట్లాడాడు. మెత్తగా మాట్లాడితే ఆమె కరుగుతుందని అతనికి తెలుసు. "ఈ ఒక్కసారి పోనీ నీలూ. ప్రమోషన్ వచ్చిందంటే నీకే గదా. అయినా నిన్ను ఊరికే వదిలేసినానా? చూడు" అంటూ ఆఖరి స్లైడు చూపించాడు. గులాబీ పువ్వు బొమ్మ, దాని పక్కన: నా భార్యకు, ఆమె ఓర్పుకు కృతజ్ఞతలు.

ఓర్పుకు. సమీకరణానికి కాదు, ఓర్పుకు. ఆ స్లైడుకు పువ్వు బొమ్మ వెతికే తీరిక దొరికింది గానీ, ఆమె పేరు రాసే చోటు దొరకలేదు. 'నా భార్య' అని ఉంది. నిలోఫర్ అని లేదు.

శనివారం సాయంత్రం ముస్తాక్ పైన కోటు, టై, కింద నైట్ ప్యాంటు వేసుకుని కూర్చున్నాడు. వెనక పుస్తకాల అలమార కనిపించేలా టేబుల్ జరిపారు. అందులో ఉన్నవి చాలావరకు ఆమె పుస్తకాలే. సైరాను కింది ఫ్లాటుకు పంపారు. అత్తను కెమెరా దారిలోకి రావొద్దని బతిమాలి గుమ్మం దగ్గర కుర్చీ వేశారు. నిలోఫర్ ఎదురు కుర్చీలో, తన ల్యాప్‌టాప్ ముందు, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది. చూసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వస్తున్నాయి. ఎక్కడెక్కడి డాక్టర్లో. వాళ్ల మధ్యన కళావతి. ఆ తర్వాత రిఫైనరీ షిఫ్టు ఇంజినీర్లు. రద్దు చేసిన క్లాసు క్లాసంతా మెల్లగా వచ్చి కూర్చుంది.

ముస్తాక్ బాగా మాట్లాడాడు. రోగుల గురించి వచ్చిన మొదటి ప్రశ్నలకు ఆమె సాయం లేకుండానే, ఎంతో బాగా జవాబు చెప్పాడు. ఆమెకు ఒక క్షణం గర్వంగా కూడా అనిపించింది, దాచేదేముంది. అప్పుడు సభ నడిపిస్తున్న నస్రీన్ అనే పెద్ద డాక్టరమ్మ, తల పూర్తిగా నెరిసిన మనిషి, కళ్లద్దాలు సర్దుకుంది.

"డాక్టర్ ముస్తాక్, నన్ను కట్టిపడేసినవి ఆ రంజాన్ అంకెలు" అంది ఇంగ్లీషులో. "మాలో ఎవరైనా వాటిని తీసిపారేసేవాళ్లం. మీరు పారేయలేదు. ఈ కుళాయి ఆలోచన మీకు ఎలా వచ్చింది?"

ముస్తాక్ తల పంకించి, మంచి ప్రశ్న అన్నట్టు నవ్వి, కళ్లు పక్కకు తిప్పాడు. తెర ఖాళీగా ఉంది. అతని కనుబొమలు లేచాయి. ఊ, కానివ్వు అన్నట్టు.

ఎలా వచ్చిందని అడిగారు. లెక్క అయితే అప్పు ఇవ్వవచ్చు. ఆ సాయంత్రం సబ్బు చేతులతో నిలబడ్డ ఘడియను ఎలా అప్పివ్వడం? నిలోఫర్ వేళ్లు కదిలాయి. జరిగింది జరిగినట్టే రాసింది.

ముస్తాక్ అందుకున్నాడు. "ఒకరోజు నేను ఇంట్లో గిన్నెలు తోముతున్నాను. సింకులో నీళ్లు దిగడం లేదు. గొట్టంలో అడ్డుందనుకున్నాను. చూస్తే, కుళాయి కట్టింది లేదు..."

గుమ్మం దగ్గర రజియా బీకి ఇంగ్లీషు రాకపోయినా, కొడుకు చేత్తో అభినయించిన గిన్నెలు అర్థమయ్యాయి. నోరు తెరుచుకుని చూసింది. తెర మీద డాక్టర్లు నవ్వారు, చప్పట్ల బొమ్మలు పైకి తేలాయి. "భేష్! గిన్నెలు తోమే డాక్టరు గారు! మా ఇంట్లో మగవాళ్లకు కూడా చెప్పాలి. మీ ఆవిడ అదృష్టవంతురాలు" అంది నస్రీన్.

ముస్తాక్ ఒక్క క్షణం తడబడతాడేమోనని నిలోఫర్ చూసింది. తడబడలేదు. తల వంచి, వినయంగా, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆ మెప్పు అందుకున్నాడు.

లెక్క తీసుకున్నాడు. బొమ్మ తీసుకున్నాడు. చివరికి అంట్ల గిన్నెలు కూడా తీసుకున్నాడు. పెళ్లైనప్పటి నుంచి తాగిన గ్లాసు సింకు దాకా మోయని మనిషి. ఆమెకు నవ్వు రావాలి నిజానికి. నవ్వు రాలేదు, ఒళ్లంతా సెగలెత్తింది. ఇప్పుడు 'ధన్యవాదాలు' అని ఒక్క మాట కొడితే సభ ముగుస్తుంది. గులాబీ పువ్వు స్లైడు వస్తుంది. రాత్రికి అతను ఖుషీగా కబాబులు తెప్పిస్తాడు, అత్త దిష్టి తీస్తుంది. కొట్టకపోతే? ఈ ఇంట్లో రేపు పొద్దున ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ప్రమోషన్, పరువు, ఊళ్లో మాట, అన్నీ తెలుసు. చూసేవాళ్ల పేర్లలో కళావతి పేరు ఇంకా అక్కడే ఉంది.

"ఈ పదం విలువను మీరు ఎలా లెక్కించారో కూడా చెప్పండి" అంది నస్రీన్.

ముస్తాక్ మెప్పు మత్తులోనే కళ్లు తిప్పాడు. నిలోఫర్ టైప్ చేసింది. అతను ఒక్కో మాటా అందుకుంటూ, ఆ మంచి గొంతుతో, ఆగాల్సిన చోట ఆగుతూ చదివాడు.

"ఆ విలువను నేను లెక్కించలేదు. ఆ సింకు దగ్గర నేను ఎప్పుడూ నిలబడలేదు. గిన్నెలు తోమినదీ, ఈ లెక్క కట్టినదీ ఒక్కరే. ఆమె పేరు డాక్టర్ నిలోఫర్. కెమికల్ ఇంజినీర్. ఇప్పుడు నాకు ఎదురుగా..."

అక్కడ ఆగాడు. తలెత్తాడు. నెత్తురు చుక్క లేదు ముఖంలో. నోరు మాత్రం ఇంకా తెరిచే ఉంది, తర్వాతి మాట ఎవరైనా అందిస్తారేమోనన్నట్టు.

"ఏమైందిరా?" అని గుసగుసగా అడిగింది రజియా బీ. తెర మీద నస్రీన్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. కోపమూ జాలీ లేని గొంతుతో, "అయితే నా ప్రశ్న ఆమెకే. ఆమెను కనపడమనండి" అంది.

"నీలూ, వద్దు" అన్నాడు ముస్తాక్, పెదవులు కదిలీ కదలకుండా. "నీలూ, ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇల్లే గదా ఇది" అంది నిలోఫర్.

లేచి అతని పక్కకు వెళ్లలేదు. కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, అతని ముందున్న ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. వెనక పుస్తకాలకు బదులు వంటింటి గుమ్మమూ, గుమ్మంలో అత్తా, ఆ వెనక సింకూ కనిపిస్తున్నాయి. కనిపించనీ అనుకుంది. తలమీది చున్నీ సర్దుకుని, రోజూ క్లాసు మొదట్లో అడిగే మాటే అడిగింది.

"అందరికీ వినబడుతోందా?"